పటేలును నేను గుట్టకు పంపినప్పుడు

పోయిన నెల ఒక కాలేజీలో కౌన్సెలింగ్ చదువుతున్న పిల్లలు పిలిస్తే వెళ్లాను. రిటైరైన వాళ్లు ఎవరు పిలిచినా వెళతారు. శాలువా కోసం కాదు, వినే చెవులు దొరుకుతాయని. నా మాటలన్నీ అయ్యాక వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, పేషెంటు దేవుడి సంగతి ఎత్తితే మనం ఏం చేయాలి?" అని అడిగింది. నేను ముఖం గంభీరంగా పెట్టి, "అతని విశ్వాసాన్ని గౌరవించాలి, మన విశ్వాసాన్ని అతని మీద రుద్దకూడదు" అన్నాను. చప్పట్లు కొట్టారు. వికారాబాద్‌కు తిరిగి వచ్చే రైలెక్కి కూర్చున్నాక నా మీద నాకే కోపం వచ్చింది. ఆ ముక్క ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆ పిల్లకు నేను చెప్పాల్సింది పటేలు సంగతి. సిగ్గేసి చెప్పలేక పుస్తకం అప్పజెప్పి వచ్చాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆ అమ్మాయి చదువుతుందో లేదో తెలియదు, మీరైనా చదవండి.

నా ఇల్లు వికారాబాద్‌లో, ఉద్యోగం తాండూరులో. ఒక ధర్మసంస్థ నడిపే చిన్న మానసిక ఆరోగ్య కేంద్రంలో రిటైరయ్యేదాకా కౌన్సెలర్‌ని. రెండు గదులు, ఒక వరండా, అంతే మా ఆస్తి. వరండాలో రెండు నాపరాయి బల్లలు. వాటి మీద కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు, రాయి గనుల వాళ్లు, పప్పు మిల్లుల వాళ్లు, సరిహద్దు అవతలి నుంచి కన్నడం మాట్లాడుతూ వచ్చేవాళ్లు పక్కపక్కన కూర్చునేవాళ్లు. ప్రతి గురువారం హైదరాబాదు నుంచి సైకియాట్రిస్టు సారు వచ్చి మందులు రాసేవారు. ఆ రోజు నా గది ఆయనది, నేను వరండా పాలు. మిగతా రోజులు నేనూ, మా సిస్టరూ.

సిస్టర్‌ది తాండూరే. ముస్లిం కుటుంబం. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, అవసరమైతే కన్నడం. ఏ భాషలోనైనా ఆగకుండా మాట్లాడేది. ఆమె నోరు ఆగేది అన్నం తినేటప్పుడు మాత్రమే, అదీ ముద్దకూ ముద్దకూ మధ్య ఆగేది కాదు. బీపీ చూస్తూ పేషెంట్ల చుట్టరికాలన్నీ కూపీ లాగేది. నేను చాలాసార్లు కసిరాను, "సిస్టర్, కేసు సంగతులు వరండాలో అడగొద్దు" అని. "నేనేమడిగిన మేడం? ఏ ఊరని అడిగిన, గంతే గదా!" అని ముఖం ముడుచుకునేది. ఐదు నిమిషాల తరవాత మళ్లీ మొదలు.

నా సర్వీసులో ఎక్కువ భాగం నేను దేవుణ్ణి గదిలోకి రానివ్వలేదు. చెప్పులతో పాటు బయట విడిచి రమ్మన్నట్టు ఉండేది నా వాలకం. నేను నాస్తికురాలిని కాదు. ఇంట్లో దీపం పెట్టేదాన్ని, శనివారం ఒక్కపొద్దు ఉండేదాన్ని. కానీ గదిలో ఎవరైనా, "అంతా మైసమ్మ చూస్తది మేడం" అంటే ఓసారి తలూపి, "సరే, నిద్ర పడుతోందా?" అని అడిగేదాన్ని. జనం తెలివైనవాళ్లు, తొందరగా గ్రహించేవాళ్లు. లోపల నిద్ర గురించీ ఆకలి గురించీ చెప్పుకోవాలి, మైసమ్మ గురించి సిస్టర్‌తో చెప్పుకోవాలి.

రిటైర్మెంటుకు కొన్నేళ్ల ముందు సంస్థవాళ్లు నన్ను రెండు రోజుల శిక్షణకు హైదరాబాదు పంపారు. చికిత్సలో ఆధ్యాత్మికతను ఎలా కలుపుకోవాలన్నది విషయం. మొదటి రోజు పొద్దున చేతులు కట్టుకుని వెనక కూర్చున్నాను. రెండో రోజు సాయంత్రానికి ముందు వరుసలో కూర్చుని నోట్సు రాసుకుంటున్నాను. మనిషికి కష్టం వచ్చినప్పుడు అతన్ని నిలబెట్టేది ఏదో అడగకుండా ఇన్నేళ్లు నేనేం కౌన్సెలింగ్ చేశానని నిజంగా బాధేసింది. నాలుగు పేజీల ప్రశ్నాపత్రం ఒకటి ఇచ్చారు, పేషెంటు ఆధ్యాత్మిక చరిత్ర రాసుకోవడానికి. దాన్ని భక్తిగా సంచిలో పెట్టుకుని వచ్చాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా. వారం తిరిగేసరికి తలనొప్పి అని వచ్చిన పిల్లాడికి కూడా ఆ నాలుగు పేజీలు నింపాను. గురువారం ఫైళ్లు చూసిన డాక్టరుగారు కళ్లజోడు మీదుగా నన్ను చూసి, "మేడం, దేవుడి డోసు ఎంతో నాకు తెలియదు. మీరు ఎంతైనా ఇవ్వండి. మందు డోసు మాత్రం ఆపించకండి" అన్నారు. నవ్వాను గానీ లోపల ఈయనకేం తెలుసులే అనుకున్నాను.

ఆ ఊపులో ఉన్నప్పుడే పటేలు వచ్చాడు.

పెద్దేముల్ అవతల ఒక ఊరు ఆయనది. భూమి ఉన్న రైతు కుటుంబం, యాభై దాటిన మనిషి. తాండూరులో ఎరువులు, పురుగుమందుల దుకాణం కూడా పెట్టాడు. వెంట కూతురు వచ్చింది, తాండూరులోనే ఒక ప్రైవేటు బడిలో టీచరు. పది నెలలుగా నాయిన సరిగా తినడం లేదనీ, తెల్లారకముందే లేచి మంచం మీద కూర్చుంటున్నాడనీ, దుకాణానికి పోవడం మానేశాడనీ ఆ పిల్లే చెప్పింది. ఆయన మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లవాడిలా కూర్చున్నాడు. డాక్టరుగారు చూసి డిప్రెషన్ అన్నారు, మందులు మొదలుపెట్టారు. మిగతాది నా వంతు.

నేను నా పత్రం తీశాను. మతం అనే గడిని ఆయన్ని అడగకుండానే నింపాను. పేరు చూస్తే తెలుస్తుంది కదా!

"దేవుణ్ణి నమ్ముతారా?"

"నమ్మకపోతే ఎట్ల మేడం?"

"రోజూ పూజ చేస్తారా?"

"ఇంట్ల ఆడోళ్లు చేస్తరు."

"కష్టం వచ్చినప్పుడు ఎవరిని తలుచుకుంటారు?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. కిటికీ వైపు చూశాడు, నా వైపు చూశాడు, నా చేతిలో పెన్నును చూశాడు. చివరికి, "అందర్ని" అన్నాడు. నేను "అందర్ని" అని రాసుకుని తరవాతి ప్రశ్నకు వెళ్లాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల కూడా ఆ మౌనం దగ్గర ఆగి ఉండేది. అంత అనుభవం పెట్టుకుని నేను ఆగలేదు, ఎందుకంటే ఇంకా రెండు పేజీలున్నాయి.

ఆ రోజే సలహా ఇచ్చాను. "అనంతగిరి గుట్ట మీద స్వామి ఉన్నాడు కదా, మందులు వాడుతూనే ఐదు శనివారాలు వెళ్లి దర్శనం చేసుకుని రండి, మనసు నిమ్మళమవుతుంది" అన్నాను. నిజం ఒప్పుకోవాలంటే ఆ గుడి నాకిష్టమైంది. నాకు మనసు బాగాలేనప్పుడు పోయి కూర్చునే చోటు. అంటే నాకు పనిచేసిన మందును ఆయనకు రాసిచ్చాను. డాక్టరుగారు తన బీపీ మాత్ర తీసి పేషెంటు చేతిలో పెడితే ఊరుకుంటామా? నేను పెట్టాను.

ఆయన బుద్ధిమంతుడు, చెప్పినట్టే వెళ్లాడు. నాలుగు శనివారాలు అయ్యాక సోమవారం పొద్దున నేను తాళం తీసేసరికి కూతురు వరండాలో నిలబడి ఉంది. తండ్రి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ పిల్ల నన్ను పక్కకు పిలిచి, "మేడం, గుట్టకు పోయొచ్చినప్పుడల్ల నాయిన ఇంకింత డల్లయితున్నడు. నిన్న నన్ను పిలిచి, నేను లేకున్న మీకు నడుస్తది బిడ్డా అన్నడు. నాకు భయమైతుంది" అంది.

లోపల కూర్చోబెట్టి సూటిగానే అడిగాను, "పటేలా, చచ్చిపోవాలని ఆలోచనలు వస్తున్నాయా?" అని. ఆయన దాచలేదు. "వస్తున్నయ్ మేడం. బతకాలని లేదు" అన్నాడు. చల్లగా, సంతలో ధర చెప్పినట్టు చెప్పాడు. ఆ మాట ఏడుస్తూ చెప్పేవాళ్ల కన్నా అట్లా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఎక్కువ భయం. వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన మందులు మార్చారు, అవసరమైతే హైదరాబాదులో చేర్పించుకుంటానన్నారు. దుకాణం తాళాలు కూతురి చేతిలో పెట్టించాను. ఆయన తమ్ముణ్ణి పిలిపించి, రాత్రీ పగలూ ఒక్కణ్ణి వదలొద్దని చెప్పాను. రెండు రోజులకొకసారి తీసుకురమ్మన్నాను. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. అలాంటప్పుడు దేవుడి సంగతీ మనసు లోతుల సంగతీ తరవాత, ముందు మనిషి బతికుండాలి.

బుధవారం మళ్లీ వచ్చారు. నేను లోపల ఇంకో కేసుతో ఉన్నాను. పక్క గదిలో సిస్టర్ ఆయన జబ్బకు బీపీ పట్టీ చుడుతూ యథాప్రకారం మొదలుపెట్టింది. మధ్యలో తలుపు లేదు, తెర మాత్రమే. నాకు ప్రతి మాటా వినిపిస్తోంది, మళ్లీ కసరాలని పళ్లు నూరుతున్నాను కూడా.

"మీది గా పెద్దేముల్ అవతల ఊరే గదా పటేలా? మీ ఊర్ల పీర్లు మస్తు లేస్తయి. మేం చిన్నగున్నప్పుడు మా నానీ తోల్కపోతుండె. గా పెద్ద పీరును తలకు తెల్లటి పట్కా కట్టుకొని ఒక పటేలు ఎత్తుతుండె. మస్తు ఎత్తు మనిషి. ఇప్పుడు ఎవరెత్తుతున్నరు?"

ఆయన, "గాయన మా నాయిన. గాయన తర్వాత నేనే ఎత్తుతుంటి" అన్నాడు. ఆ మాట వెనకే ఒక ఏడుపు వినిపించింది. నేను నా కేసును అలాగే కూర్చోబెట్టి లేచి వెళ్లాను. పటేలు బీపీ పట్టీ కట్టి ఉన్న చేతినే ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. సిస్టర్ బిత్తరపోయి, "నేనేమడగలే మేడం, ఏ ఊరని అడిగిన" అంటోంది. నాలుగు పేజీల పత్రం చేయలేని పని ఆమె ఒక్క ప్రశ్నతో చేసింది.

ఆ రోజు ఆయన చెప్పింది ఇదీ. మొహర్రం నాడు ఊళ్లో పీర్లు లేస్తాయి. దట్టీలనే రంగుగుడ్డలు చుట్టిన పొడుగాటి కర్ర, పైన చేతి ఆకారంలో లోహపు పంజా. హిందువులు, ముస్లింలు అని లేకుండా ఊరంతా మొక్కుతారు. పెద్ద పీరును ఎత్తేది మూడు తరాలుగా ఈ పటేలు ఇల్లే. పీర్ల కొట్టాన్ని చూసుకునే ముజావరు ఈయన దోస్తు. ఒకే బళ్లో ఒకే పలక మీద రాసుకున్నవాళ్లు. ఆఖరు రోజు పీర్లను వాగు దాకా తీసుకుపోయి సాగనంపాలి. అంతకుముందు ఏడాది ఆ రోజు పటేలు తాండూరులో ఉండిపోయాడు. ఎరువుల కంపెనీవాళ్లు వచ్చారు, మాటల్లో పడ్డాడు.

"మూడుసార్లు ఫోను చేసిండు మేడం. తొవ్వల ఉన్న, వస్తున్న అని చెప్పిన. నేను కుర్సీలకెల్లి లేవనే లేదు. పొద్దుగూకెదాంక సూసి, గాయననే ఎత్తుకున్నడట. మోకాళ్ల నొప్పుల మనిషి. వాగు కాడ జారిండు. తుంటి ఇరిగింది. పీరు కింద పడ్డది."

దోస్తు మంచాన పడ్డాడు. పటేలు చూడ్డానికి వెళ్లలేదు. ముఖం చెల్లలేదు. తమ్ముడి చేత పండ్లు పంపించాడు. రెండు నెలలకు దోస్తు చనిపోయాడు. ఆ రోజు కూడా ఖబరస్తాన్ బయట రోడ్డు మీద నిలబడి, పిడికెడు మట్టి కూడా వేయకుండా తిరిగి వచ్చాడు. అప్పటి నుంచి తిండి లేదు, నిద్ర లేదు. "పీరు నా మీద కోపంల ఉన్నది. నా చెయ్యి ఇడిసిపెట్టింది" అన్నాడు.

"మరి గుట్ట మీదికి వెళ్లినప్పుడు ఏమనిపించింది?" అని అడిగాను. అడగడానికి భయంగానే ఉంది.

"మీరు పొమ్మన్నరని పోయిన. స్వామి అంటే నాకు భక్తే. గని గాడ నిలవడితే సిగ్గయింది మేడం. ఒక ఇంట్ల తప్పు చేసి, ఇంకో ఇంటికి పోయి మాఫ్ చెయ్యమన్నట్టు అనిపించింది. పీరును ఇంకింత దూరం చేసుకున్న అనుకున్న."

"నాకెందుకు చెప్పలేదు పటేలా?"

"మీరు అడగలే. గా కాయితం మీద లేకుండె గద."

నేను చాలామందితో చాలా మాటలు పడ్డాను. దేనికీ అంతగా చెంప చెళ్లుమనలేదు. ఆయనకు నా మీద కోపం లేదు, అదే ఇంకా బాధ. నేను అడగకుండా నింపిన ఆ ఒక్క గడి వల్ల ఒక మనిషి చావు దాకా వెళ్లొచ్చాడు. ఆ సాయంత్రం రైల్లో కూర్చుని ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న ఆవిడ నాకు నీళ్ల సీసా ఇచ్చింది.

గురువారం డాక్టరుగారికి అంతా చెప్పాను, నా తప్పుతో సహా. ఆయన ఎగతాళి చేస్తారనుకున్నాను. చేయలేదు. ఫైలు మూసి, "ఇతని అపరాధభావంలో జబ్బు లక్షణం కొంతే మేడం. మిగతాది నిజం. నిజానికి నా దగ్గర మాత్ర లేదు. మందు పనిచేయడానికి మూడు వారాలు ఇవ్వండి, తరవాత మీ పని మీరు చేయండి" అన్నారు. ఎప్పుడూ చమత్కారాలాడే మనిషి అంత నెమ్మదిగా మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

తప్పు తెలిసింది కాబట్టి బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? కుక్క తోక వంకర అంత తొందరగా పోదు. మరుసటి వారం సిస్టర్‌తో, "ఆయన చేత పీర్ల కొట్టంలో ఫాతిహా చదివించి, మలీదా ప్రసాదం పంచిపెట్టించి, కొత్త దట్టీ కట్టిస్తే సరి" అన్నాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టి, "మేడం, మల్ల మీరే చెప్పవడితిరి. అప్పుడు గుట్ట, ఇప్పుడు కొట్టం. గాయన్ని అడుగుండ్రి జర" అంది. నిజమే, నాకు మధ్యలో ఊరుకోవడం అనేది రాదు.

మూడు వారాలు మందులు పడ్డాక ఆయన ముఖంలో కాస్త నెత్తురు కనిపించింది. నిద్ర నాలుగు గంటలు పడుతోంది. అప్పుడు కాగితం, పెన్ను రెండూ పక్కన పెట్టి అడిగాను. "పటేలా, మీ మనసులో ఈ తప్పు ఎక్కడికి పోతే తీరుతుంది?"

ఈసారి ఆ మౌనంలో నేను కూడా కూర్చున్నాను. వరండాలో ఎవరో దగ్గారు, రోడ్డు మీద రాయి లారీ పోయింది. చాలాసేపటికి ఆయన, "భాభీ కాడికి పోవాలె" అన్నాడు. దోస్తు భార్య దగ్గరికి. "గామె ఎల్లగొడితే?" అని తనే అడిగాడు. ఎల్లగొట్టదని నేను చెప్పలేదు. నాకెట్లా తెలుసు? "ఎల్లగొడితే మేం బయటే ఉంటాం, మీరు ఒక్కరే ఉండరు" అని మాత్రం అన్నాను.

ముందు సిస్టర్‌ను పంపాను. ఆమెకు ఇష్టం లేకుండా మనిషిని తీసుకెళ్లి గడపలో నిలబెట్టడం ఆమెకు అన్యాయం. సిస్టర్ వెళ్లి వచ్చి, "రమ్మన్నది మేడం. నాకు సుత గాయన్ని ఒకటి అడిగేదున్నది అన్నది" అంది. ఏం అడుగుతుందని అడిగితే తెలియదంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇప్పుడిప్పుడే లేచి నిలబడుతున్న మనిషి. ఆమె ఒక్క మాట గట్టిగా అంటే మళ్లీ పడిపోతాడేమో, ఈసారి లేవడేమో అని నా భయం.

మంగళవారం పొద్దున సిస్టరూ నేనూ తాండూరులో షేర్ ఆటో ఎక్కి వెళ్లాం. దారి పొడుగునా కంది చేలు పసుపు పచ్చగా పూత మీద ఉన్నాయి. పటేలూ, కూతురూ ఊళ్లో మా కోసం చూస్తున్నారు. ముజావరు ఇల్లు పీర్ల కొట్టం పక్కనే. ఆమె గడపలోనే నిలబడి ఉంది. ఎండిపోయిన చిన్న మనిషి, తల మీద తెల్ల కొంగు. వెనక ఆటో నడుపుకునే పెద్దకొడుకు నిలబడ్డాడు. పటేలు చెప్పులు విడిచి, వాకిట్లోనే ఆగిపోయి చేతులు జోడించాడు.

"భాభీ, నా మూలంగ పీరు కింద పడ్డది..."

"పీరు సంగతి పీరు సూసుకుంటది పటేలా" అని ఆమె మధ్యలోనే కోసేసింది. "గది మల్ల లేసింది, ఈ ఏడు సుత లేసింది. నేను అడిగేది గది కాదు. నువ్వు ఎందుకు రాలే?"

ఆమె గడప దిగి ఒక అడుగు ముందుకొచ్చింది.

"రెండు నెలలు మంచంల ఉండె. దినాం గదే మాట. పటేలొచ్చిండా, పటేలొచ్చిండా. గాలికి తలుపు కొట్టుకున్నా, చూడు, పటేలేనేమో అంటుండె. నీ మీద ఒక్కదినం కోపం చెయ్యలే. నువ్వు పండ్లు పంపినవ్. ఒక్కటి ముట్టలే. వాడొస్తడు, ఇద్దరం తింటం, ఉండనియ్యి అన్నడు. గిన్నెల పెట్టిన పండ్లు గిన్నెలనే మురిగిపోయినయ్. నేనే ఎత్తి బయట పారేసిన. పీరు పడ్డందుకు గాయన ఏడ్వలే పటేలా. నువ్వు రానందుకు ఏడ్సిండు."

పటేలు అట్లాగే నేల మీద కూలబడ్డాడు. బతకాలని లేదన్న మనిషిని చేయి పట్టుకుని తీసుకొచ్చి ఈ మాటలు వినిపించాను. ఏదో ఒకటి చెప్పి సర్దుదామని అడుగు ముందుకేశాను. సిస్టర్ నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "ఆగుండ్రి మేడం" అంది. జీవితంలో మొదటిసారి ఆమె చెప్పినట్టు విన్నాను.

అప్పుడు నాకు అర్థమైంది. మొదట నేను ఆయన్ని వేరే దేవుడి దగ్గరికి పంపాను. తరవాత ఆయన దేవుడెవరో తెలుసుకుని, పని అయిపోయిందనుకున్నాను. ఆయనా నేనూ ఇద్దరం కలిసి పడిపోయిన పీరునే చూస్తున్నాం. మంచం మీద ఎదురుచూసిన మనిషిని ఇద్దరం చూడలేదు. పీరు కోపానికి భయపడటం ఆయనకు తేలిక. దోస్తు కోపగించుకోలేదన్న మాట మోయడం కష్టం.

ఆయన ఏడుపు తగ్గేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. తరవాత గొంతు దించి, "లే. నాకు చెప్పుడు కాదు. పో, గాయనకే చెప్పు" అని కొడుకుకు సైగ చేసింది.

ఖబరస్తాన్ ఊరి చివర, నడుము ఎత్తు రాతి గోడ. ఆడవాళ్లం లోపలికి వెళ్లలేదు, గోడ బయటే నిలబడ్డాం. కొడుకు సమాధి చూపించి పక్కకు వచ్చేశాడు. పటేలు ఒక్కడే ఆ మట్టి దిబ్బ పక్కన గొంతుక్కూర్చున్నాడు. కూతురు నా వైపు చూసింది, నాయినను ఒక్కణ్ణి వదలొచ్చా అన్నట్టు. "కనిపిస్తూనే ఉన్నాడు కదమ్మా, ఉండనివ్వు" అన్నాను. లోపలికి వెళ్లేముందు ఆయన సిస్టర్‌ను, "నేనేమనాలె? మీ దాంట్ల ఏమంటరు?" అని అడిగాడు. "గదంతా నాకు తెల్వదు పటేలా. దోస్తు కాడికొచ్చినవ్, మాట్లాడు" అంది ఆమె. నా నాలుగు పేజీల పత్రం రాసినవాళ్లు అక్కడ ఉంటే బాగుండేదనిపించింది.

ఆయన ఏదో ప్రార్థన చేస్తాడనుకున్నాను. గొంతు సవరించుకుని, "ఏమ్రా, ఎట్లున్నవ్?" అన్నాడు. కాసేపు ఆగి, "కంది గీసారి మంచి పూత మీద ఉన్నది. మబ్బు పట్టకుంటే చాలు. వాగు అవతలి బోరు ఎండిపాయె. నువ్వు వద్దన్న కాడనే ఏసిన, నీ మాట ఇంటే మంచిగుంటుండె" అన్నాడు. ఊరి సంగతులు, పశువుల సంగతులు, ఎవరింట్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో. మంచం పక్కన కూర్చుని రెండు నెలలూ చెప్పాల్సిన ముచ్చట్లన్నీ వరసగా చెప్పాడు. సిస్టర్ కొంగు నోట్లో కుక్కుకుంది. నాకూ కళ్లు కనబడలేదు. చాలాసేపటికి ఆయన గొంతు మారింది.

"తొవ్వల ఉన్న అని అబద్ధం చెప్పిన రా. కుర్సీలనే కూసున్న. నీ కాడికి ఒక్కదినం సుత రాలే. తప్పయింది."

పిడికెడు మట్టి తీసి ఆ దిబ్బ మీద వేశాడు. మూడుసార్లు వేశాడు. నియమం ప్రకారం ఇప్పుడు వేయొచ్చా లేదా అని మాలో ఎవరూ అనలేదు.

తిరిగి ఇంటికి వచ్చేసరికి ఆమె జొన్నరొట్టెలు చేసి పెట్టింది. ఆయన సగం రొట్టె తిన్నాడు. చేయి కడుక్కుని, లేవలేక లేస్తూ, "మాఫ్ చేసినవా భాభీ?" అని అడిగాడు. ఆమె పళ్లెం తీస్తూ, "మాఫ్ చేసేది అల్లా. నా చేతుల లేదు" అంది. ఆయన ముఖం వాడిపోయింది. ఆమె అది చూసి కూడా మాట మెత్తన చేయలేదు. "రేపు రా. ఇంట్ల మొగ పెద్ద లేడు, ముచ్చట చెప్పేటోడు లేడు. రోజు ఒకపారి వచ్చి కూసొని పో. రాకుంటే మాత్రం ఊకోను" అని గిన్నెలు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తరవాత ఏడాది పైగా మందులు వాడాడు. మధ్యలో ఒకసారి మళ్లీ కుంగాడు, డోసు పెంచాల్సి వచ్చింది. సమాధి దగ్గర ఏడ్చిన రోజుతో జబ్బు మాయమైందని మీరు ఎక్కడా చెప్పకండి, అది అబద్ధం. నా పత్రం ఇప్పటికీ మంచిదే, ప్రశ్నలు మంచివే. అడిగి, నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాలేదు, అంతే. మీరు చిన్నవాళ్లు, తొందరగానే చేతనవుతుందని ఆశ.

ఇంతకీ ఆ వెంటనే వచ్చిన గురువారం సంగతి చెప్పలేదు. ఆయన ఒక్కడే వచ్చాడు, కూతురు బడికి పోయిందట, తమ్ముడు దింపి వెళ్లాడట. నేను వరండాలో కూర్చుని నిద్ర ఎట్లా ఉంది, ఆకలి ఎట్లా ఉంది అని తీరిగ్గా అడుగుతూ రాసుకుంటున్నాను. ఆయన బల్ల మీద కుదురుగా కూర్చోలేదు. రోడ్డు వైపు చూస్తాడు, ఆటో శబ్దం వినిపిస్తే లేస్తాడు. నాకు మళ్లీ గాభరా పట్టుకుంది. "ఏమైంది పటేలా, మనసు బాగా లేదా?" అన్నాను.

"మంచిగనే ఉన్న మేడం. జర జల్ది రాయుండ్రి. నిన్న వాన పడి భాభీ ఇంటికి పోలే. ఇయ్యాల సుత పోకుంటే నన్ను బతకనియ్యదు."

జల్దిగానే రాశాను. ఆయన చీటీ అందుకుని, మెట్లు దిగి, కదులుతున్న ఆటోకు చేయెత్తి అరుస్తూ పరిగెత్తాడు.